రొట్టె మీద తుంగభద్ర

హలో… ఆ, కన్యకమ్మనే మాట్లాడేది. ఆదోని నుంచే, ఇంగ యాడ్నుంచి? చెప్పు అనిరుద్ధా.

…నేను చదివి పంపిన పాఠం విన్నావా? ఎట్లుందప్పా నా గొంతు?

…ఏంటికి నవ్వుతావు?

…ఆ, వచ్చినాడు. టమోటాల రామాంజి. మధ్యాహ్నం తీరిక దొరికితేనే కదా నేను చదివేది? వాడూ అప్పుడే వస్తాడు. …అంతా రికార్డులో పడిందా? బేరం మొత్తమా? అయ్యో రామ! …'పుచ్చినవి ఎవురికి అంటగడతావు' అన్నదీనా?

…సరే, అది కత్తిరించు.

…ఇంగోటా? …పుస్తకంలో లేనిది చెప్పినానా?

…ఓ, రొట్టె సంగతా! చూడప్పా, ఆ పుస్తకంలో 'జిల్లా పటం చూడండి' అని రాసినారు. అదీ చదివినా, ఒక తూరి. చదివినంక నాకే సిగ్గేసింది. మనం చదివేదే చూపులేని పిల్లోళ్ల కోసం. వాళ్లను పటం చూడమంటే ఎట్లా? అందుకే చెప్పినా, జొన్నరొట్టె ముందర పెట్టుకోండి, పైఅంచు తుంగభద్ర, ఆ అంచు మీద మంత్రాలయం, కిందికి వస్తే కుడిపక్క ఎమ్మిగనూరు, ఎడమపక్క ఆదోని అని. తప్పా?

…ఎవురూ, మన గుంపులో ఉండే కర్నూలు సారా? పుస్తకంలో లేదని పాఠమే తీసేయమన్నాడా?

…లేదప్పా, కోపమేం లేదు. బాధ. ఏడో తరగతితో ఆపినదాన్ని నేను. మీరంతా ఫోన్లోనే కలిసి, తలా ఇంత వేసుకుని, పిల్లోళ్లకు పాఠాలు వినే పెట్టెలు కొనిస్తిరి. నా దగ్గరుండేది గొంతు, అదిస్తి. మూడు మధ్యాహ్నాలు చదివినా తెలుసా? వద్దంటే తీసేయండి.

…ఎవురు మాట్లాడతారు? …ఎమ్మిగనూరు పాపనా? అప్పుడే వినేసిందా నా పాఠం? కలుపు, కలుపు.

హలో… చెప్పు తల్లీ. సాయిశ్రీనా? ఎనిమిదో తరగతా? …మీ అమ్మతో రొట్టె చేయించుకున్నావా! …వేలితో ఎతికితే దొరికిందా మీ ఊరు?

…ఏం చేస్తివీ? ఎమ్మిగనూరు తుంచి తినేస్తివా! మా ఆదోని అన్నా మిగిల్చినావా?

…రామాంజినా? కడాకు నేను చెప్పిన ధరకే ఇచ్చినాడులే. …అదీ ఉంచమంటావా? విన్నావా అనిరుద్ధా, కత్తిరించొద్దంట!

…ఏందమ్మా? …మీ ఊరికి ఏరు ఏ పక్కనుందో ఇంతకుముందు ఎవురూ చెప్పలేదా?

…ఏడుస్తాండానా? లేదమ్మా, జలుబు చేసింది.

…ఇండియా పటమా! పరీక్షలో మీకు పటం బదులు వేరే ప్రశ్న ఇస్తారు కదా? …ఊరికే తెలుసుకోవాలనా? …సరే తల్లీ. చెప్తా. హిమాలయాల నుంచి చెప్తా.

అనిరుద్ధా, పాఠం తీసేస్తావా, ఉంచుతావా? …ఉంచుతానంటివా, బాగుంది. ఆ సారును కూడా ఒక రొట్టె చేసుకోమను. ఫోను పెట్టేస్తాండా.

ఏమండీ! ఆ టీవీ ఆపి ఇట్ల రాండి. మన పిల్లోళ్ల అట్లాసు అటక మీద ఎతకండి. నేను పిండి కలుపుతా… ఈతూరి రొట్టె పెద్దదే కావాల.