అలారం అక్క

ఏంటే, ఉద్యోగంలో చేరి వారం కూడా కాలేదు, అప్పుడే ముఖం ఇట్లా వేలాడేశావు? రా, ఇట్లా కూర్చో. ఆ దిండు వీపుకి పెట్టుకో. పిల్లల భరణం ఇప్పించే ఆఫీసు అంటే మరి ఏమనుకున్నావు, నీడపట్టున కూర్చుని ముద్రలు కొట్టడమనుకున్నావా? ఆ? ఏమన్నావు? అటు కాదు, ఈ చెవిలో చెప్పు. తండ్రికి పనే లేకపోతే పిల్లల ఖర్చు ఎవరి దగ్గర వసూలు చేస్తాం అమ్మమ్మా, అనా? భలే ప్రశ్న. నా తరగతిలో అయితే నిన్ను లేపి నిలబెట్టి అందరి చేతా చప్పట్లు కొట్టించేదాన్ని. దానికి జవాబు మీ ఆఫీసు పుస్తకాల్లో ఏం రాశారో నాకు తెలీదు గానీ, అలారం అక్క దగ్గర మాత్రం ఒక జవాబు ఉండేది. సత్తు మూత, ఇనప గరిట. నవ్వకు, నిజమే చెబుతున్నా. అలారం అక్క సంగతి నీకెప్పుడూ చెప్పలేదూ? మీ అమ్మకి చెప్పాను కాబోలు. మీ ఇద్దరి ముఖాలూ ఒకటే, నాకేమో ఎవరికి ఏది చెప్పానో గుర్తుండి చావదు.

అక్క ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పనిచేసేది. పొద్దున బడి గంట కొట్టే వేళకి వెళ్ళి, సాయంత్రం దాకా దుప్పట్లు పిండి, మడతలు పెట్టి, చేతులు నానిపోయి తెల్లగా పాలిపోయి వచ్చేది. ఇద్దరు పిల్లలు. పెద్దపిల్ల నా తరగతే. మొగుడు బోర్డులు రాసేవాడు, దుకాణాల మీద పేర్లూ అవీ. రంగులాయన అనేవాళ్ళం. చేతిలో ఏం పనితనమనుకున్నావు! ఆయన రాసిన అక్షరం చూస్తే చదువు రానివాడికి కూడా చదవాలనిపించేది. మనిషి కూడా మంచివాడే, ఒకరిని నొప్పించి ఎరగడు. కానీ మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు అంటారే, అచ్చం ఆ బాపతు. ఒకనాడు ఏం చేశాడు, ఇంట్లో అక్క కుట్టు మిషను ఉంటే దాన్ని అమ్మేసి స్నేహితులందరికీ విందు చేశాడు. ఎందుకయ్యా అంటే, 'వాళ్ళంతా ఒకేసారి ఊళ్ళో ఉండటం మళ్ళీ ఎప్పుడు కుదురుతుంది!' అని. అక్క ఇంటికొచ్చి ఖాళీ మూల చూసింది. అరవలేదు, ఏడవలేదు. 'ఈ జన్మలో నీతో ఇదే ఆఖరు మాట' అని పిల్లల్ని తీసుకుని మా వీధికొచ్చి ఒక గది అద్దెకి తీసుకుంది. అన్నది అన్నట్టే, ఆ తర్వాత ఆయనతో పెదవి కదిపితే ఒట్టు.

ఇప్పుడు నీ ప్రశ్నకొస్తా. అదివరకు ఎట్లా ఉండేదంటే, తండ్రి డబ్బు ఇవ్వకపోతే తీసుకెళ్ళి లోపల వేసేవాళ్ళు. లోపల ఉన్నవాడు ఎక్కడినుంచి తెచ్చిస్తాడు చెప్పు? పాలివ్వలేదని ఆవుని దొడ్లో బంధించి గడ్డి వెయ్యడం మానేసినట్టు. అప్పుడు ఎవరో బుర్రున్నవాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. తండ్రికి పని లేదా, ముందు ప్రభుత్వమే పని చూపిస్తుంది. కావలిస్తే నేర్పిస్తుంది కూడా. జీతం వచ్చాక అందులో పిల్లల వాటా ఆఫీసే కోసి నేరుగా తల్లికి పంపుతుంది. బాగుంది కదా? కానీ దీనికి రెండు మెలికలు. రెండూ గుర్తుపెట్టుకో, తర్వాత కావాలి. మొదటిది, పరీక్షా కాలం, అదే ప్రొబేషను, పూర్తయ్యేలోపల వాడు తన తప్పువల్ల ఉద్యోగం పోగొట్టుకుంటే ఇక అంతే, మళ్ళీ చూపించరు. రెండోది, మొగుడూ పెళ్ళాం తిరిగి కలిసి కాపురం చేస్తే వాటా ఆగిపోతుంది, ఎందుకంటే ఇక అవసరం లేదు కదా. అర్థమైందా? ఆ.

రంగులాయనకి బస్సు డిపోలో పని ఇప్పించారు. బస్సుల మీద ఊళ్ళ పేర్లూ నంబర్లూ రాయడం. ఆయన చేతికి తగ్గ పనే, కానీ బస్సులు పగలంతా ఊళ్ళు తిరుగుతాయి కదమ్మా, డిపోలో ఉండేది తెల్లవారేదాకానే. అందుకని చీకటుండగానే పనిలోకి రావాలి. ఈయనదేమో కుంభకర్ణుడి నిద్ర! గడియారం కొనుక్కోవచ్చుగా అనబోతున్నావు, చూశా నీ నోరు. కొన్నాడు. మోగితే దాన్ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పక్కన పెట్టుకుని పడుకునేవాడు. డిపో మేస్త్రీ మా వీధివాడే. ఒకరోజు అక్క ఎదురైతే 'అమ్మా, మీ ఆయన రాత బంగారం. కానీ నేను రాయించుకుందామనుకున్న బస్సు వెళ్ళిపోయాక వస్తున్నాడు. ఇప్పటికే హెచ్చరించాం, ఇంకొకసారైతే నేను కూడా కాపాడలేను' అన్నాడు. అక్కకి గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఆ వాటా ఆగిపోతే పెద్దపిల్ల బడి మానాలి. దుప్పట్లు మడతపెట్టడానికి పిల్లని తీసుకురా అని పనిచోట సూపర్వైజరు అప్పటికే అడుగుతున్నాడు. ఆ పిల్ల నా దగ్గర భిన్నాలు నేర్చుకుంటోంది అప్పుడు. లెక్క చేసి, పలక ఎత్తి చూపించి, తనకి తానే తల ఊపుకునేది. ఆ పిల్ల దుప్పట్లు మడతపెట్టడమేంటి!

మర్నాడు చీకటితోనే అక్క లేచింది. వంటింట్లోంచి పెద్ద సత్తు మూత ఒకటి, గరిట ఒకటి తీసుకుని, ఆయన ఉండే వీధికి నడిచి, మేడమెట్లెక్కి, ఆయన గది తలుపు ముందు నిలబడి... ఠంగ్! ఠంగ్! ఠంగ్! మాట్లాడనని ఒట్టు కదా, పిలవదు. తలుపు కొట్టదు. లోపల దీపం వెలిగేదాకా మూత కొట్టి, వెలగ్గానే చక్కా వెనక్కి తిరిగి దిగి వచ్చేయడమే. మొదటి రోజు ఆ మేడంతా లేచి కూర్చుంది. కింద ఉండే ఇంటి యజమానురాలు, ముసలావిడ, గయ్యాళి, చీపురుతో సహా బయటికొచ్చి, 'ఎవత్తివే నువ్వు? ఇల్లు తగలబడుతోందా, దొంగలు పడ్డారా?' అంది. అక్క, 'రెండూ కాదు పెద్దమ్మా. పై గదాయన ఉద్యోగానికెళ్ళాలి. ఆయన వెళితే నా పిల్ల బడికెళుతుంది' అంది. ముసలావిడ చీపురు కిందికి దించి, 'అయితే ఇంకాస్త గట్టిగా కొట్టు. వాడు నాకు అద్దె కూడా ఇవ్వాలి' అంది!

రెండు వారాలు తిరక్కుండా ఆ వీధంతా అక్క మూతకి అలవాటు పడిపోయింది. తిట్టినవాళ్ళే బతిమాలారు. పొద్దుటి డ్యూటీ నర్సమ్మ, 'అక్కా, మా గుమ్మం ముందు కూడా రెండు దెబ్బలు వేసి పో' అనేది. పరీక్షలకి చదివే పిల్లలు కిటికీలోంచి చెయ్యి ఊపేవాళ్ళు. అలారం అక్క అన్న పేరు అప్పుడు వచ్చిందే. ఆయనకి వారంలో ఒకరోజు సెలవు, ఆ రోజున మాత్రం అక్క రాదు. 'ఆయనకి సెలవు, నాకూ సెలవు' అనేది. రంగులాయన కూడా, చెప్పుకోవాలి, దీపం వెలిగించాక మళ్ళీ పడుకోలేదు. కిటికీలోంచి చూసేవాడట, ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా. ఇది ముసలావిడ చెప్పింది, ఆవిడకి అన్నీ కావాలి.

ఇక మీ ఆఫీసు సంగతి. కోప్పడకు, అప్పటి మాట. వాళ్ళ తనిఖీ ఉద్యోగి, పాపం బుద్ధిమంతుడు, రంగులాయన పనిలోకి వెళుతున్నాడో లేదో చూద్దామని ఒకరోజు తెల్లవారకుండా వచ్చాడు. వచ్చేసరికి ఏం కనపడింది? మొగుడి గదిలో దీపం. ఆ మెట్లమీదనుంచి పెళ్ళాం దిగుతోంది. చేతిలో మూత, గరిట. వంట చేసి పెట్టి వస్తోందనుకున్నాడు! కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనిచేసి, వెళ్ళి సంతోషంగా రాసేశాడు, విడిపోయిన కుటుంబం కలిసిపోయింది అని. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, ఆఫీసువాళ్ళు వాటా ఆపేస్తున్నామని, అభ్యంతరం ఉంటే ఫలానా రోజు రమ్మని అక్కకి కబురు పంపారు. రెండో మెలిక గుర్తుందా? ఆ, అదే.

విచారణకి నేను కూడా వెళ్ళాను, పిల్ల టీచర్నని. వెళ్ళి చూస్తే గదిలో నిలబడ్డానికి చోటు లేదు. ముసలావిడ వీధి వీధినంతా వెంటేసుకుని వచ్చింది. ఆఫీసరమ్మ కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని, 'ఏమ్మా, నువ్వు రోజూ తెల్లవారుఝామున ఆయనింటికి వెళుతున్న మాట నిజమేనా?' అంది. 'నిజమేనండీ' అంది అక్క. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంకాస్త మెల్లగా చెప్పొచ్చు కదా! 'వంట సామాను తీసుకుని?' 'అవునండీ.' 'మరి కలిసి ఉంటున్నట్టే కదా?' ఇక ముసలావిడ ఆగుతుందా! 'ఏం మాటమ్మా అది! కాపురం చేసే ఆడది మొగుణ్ణి మూత కొట్టి లేపుతుందా? నేనూ యాభై ఏళ్ళు చేశాను కాపురం, కాలితో తన్ని లేపాను గానీ!' అంది. గది గదంతా గొల్లుమంది. ఆఫీసరమ్మ బల్ల మీద కొట్టి, 'నిశ్శబ్దం! ఇంతకీ ఆయనేడీ?' అంది.

ఆయన లేడు. పిలిచిన వేళ దాటిపోయింది. గుమాస్తా వరండాలోకి వెళ్ళి రెండుసార్లు కేకేసి వచ్చాడు. ఆఫీసరమ్మ అక్క వంక చూసి, 'మీ ఆయన ఇంకా రాలేదేం?' అంటే, అక్క చేతులు కట్టుకుని, 'ఇవాళ ఆయనకి డిపోలో సెలవండీ. సెలవు రోజున నేను లేపను. కలిసే ఉంటే వెంటబెట్టుకుని రానా?' అంది. ఆఫీసరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నవ్వు దాచుకోడానికని నా అనుమానం.

అప్పుడొచ్చాడు, రొప్పుకుంటూ. జుట్టు పిచ్చుక గూడు. నేరుగా పక్కమీదనుంచి లేచి పరిగెత్తుకొచ్చిన మనిషి. ఆ తనిఖీ ఉద్యోగి ఇంకా ఆశ చావక, 'చూడండి, మీరిద్దరూ కలిసిపోయామని ఒక్క ముక్క చెప్పండి చాలు. ఇకనుంచి జీతమంతా మీ చేతికే వస్తుంది' అన్నాడు. వాడి ఉద్దేశం మంచిదే, కానీ నాకు వాడి చెవి మెలెయ్యాలనిపించింది. చూడు మరి, ఒక్క మాట. ఆ మాట ఆయన అనేస్తే డబ్బంతా ఆయనదే, పిల్ల దుప్పట్లు మడతపెట్టడానికి పోవాల్సిందే. పైగా మాటలంటే ఆయనకి కొదవా? అక్క నేలకేసి చూస్తోంది. ఆయన ఆవిడకేసి చూశాడు. 'అట్లా చెప్పాలనే ఉందండీ' అన్నాడు. 'కానీ ఆవిడ నాకోసం రావడంలేదు. పిల్ల బడికోసం వస్తోంది. నాతో ఒక్క మాటైనా మాట్లాడదు, మూతతోనే అంతా చెబుతుంది. వాటా కొయ్యండి. నేను లేస్తాను' అన్నాడు. అంతే. కథలు లేవు, కబుర్లు లేవు. ఆయన అంత పొట్టిగా మాట్లాడటం అదే మొదలు.

ముసలావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. అక్క తల ఎత్తింది. చూసింది ఆయన్ని, కింద నుంచి పై దాకా. పెదవి కదిలింది. మేమందరం ముందుకి వంగాం. 'ముందు ఆ చొక్కా విప్పి సరిగా వేసుకోండి, తిరగేసుకొచ్చారు' అంది!

మాట్లాడేసింది! తనిఖీ ఉద్యోగి కలం తీశాడు. ముసలావిడ 'అయ్యో అయ్యో' అని నెత్తి కొట్టుకుంది. ఆఫీసరమ్మ మాత్రం గుమాస్తా వైపు తిరిగి, గంభీరంగా, 'చొక్కా తిరగబడిందని చెప్పడం కాపురం కిందికి రాదు. వాటా ఇదివరకులాగే సాగుతుంది. రాసుకో' అంది. ఇక చూడు నవ్వులు! పక్క గదుల్లోవాళ్ళు కూడా వచ్చి తొంగిచూశారు. రంగులాయన వరండాలోకి పోయి చొక్కా మార్చుకుంటుంటే బొత్తాలు కూడా సరిగా పడలేదు పాపం, నర్సమ్మ వెళ్ళి పెట్టింది.

ఏంటీ, ఆ తర్వాత కలిశారా అంటావా? అందరూ అదే అడుగుతారు. నువ్వు కూడా అదేనా, ఆ ఆఫీసులో కూర్చుని? పిల్ల బడి మానిందా అని అడుగు. మానలేదు. భిన్నాలయ్యాయి, దశాంశాలు మొదలుపెట్టాం. ఆ ఏడు సంవత్సర పరీక్షకి వచ్చిన రోజు జడకి రెండు రంగుల రిబ్బన్లు కట్టుకొచ్చింది, ఒకటి ఎరుపు, ఇంకోటి... ఇంకోటి ఏం రంగో.

అక్క పోయి కూడా ఎన్నేళ్ళయిందో. ఊఁ.

ఆ కిటికీ వెయ్యమ్మా, జల్లు లోపలికి కొడుతోంది.