ఫలించని ప్రయోగానికి మొదటి పేరా

1993 జులై పన్నెండో తేదీన మన కళాశాల కంప్యూటర్ సైన్సు విభాగంలో ఉపన్యాసకురాలిగా చేరిన శ్రీమతి శాంతకుమారి గారు ఈ నెలాఖరున ఆచార్యులుగా పదవీ విరమణ చేయనున్నారు. కూచిపూడిలో ఉపాధ్యాయ దంపతులకు జన్మించి, విజయవాడలో విద్యాభ్యాసం ముగించుకొని వచ్చిన వారికి విభాగం అప్పగించిన తొలి బాధ్యత, ఎవరూ కోరి తీసుకోని సాంకేతిక నివేదికా రచన బోధన. ప్రోగ్రాములు నేర్పడానికి అందరూ ముందుకొచ్చారు గాని, ఆ ప్రోగ్రాము ఏమి చేసిందో నలుగురికీ తెలిసేలా రాయడం నేర్పే పని మాత్రం వారి నెత్తినే పడింది.

అప్పటి ఆనవాయితీ ఏమిటంటే, సీనియర్ల రిపోర్టు తెచ్చి, పేర్లు మార్చి, విజయవాడ గవర్నర్‌పేటలో బంగారు అక్షరాలతో బైండు చేయించడం. ఒక ఏడాది ఒక జట్టు తామెన్నడూ చూడని అధ్యాపకుడికి సవినయంగా కృతజ్ఞతలు కూడా సమర్పించుకుంది! ఆ ఆనవాయితీకి శాంతకుమారి గారు స్వస్తి పలికారు. "చాలా వేగంగా పనిచేస్తుంది" అని ఎవరైనా రాస్తే, "ఏ యంత్రం మీద? దేనికంటే వేగంగా నాన్నా?" అని అడిగేవారు. అందరూ మొదట చదివేది సారాంశమే గనుక దాన్ని అన్నిటికన్నా చివర రాయించేవారు. ఏది ఫలించలేదో ఆ సారాంశం మొదటి పేరాలోనే చెప్పించేవారు. కొందరికి ఇది చాదస్తంగా తోచినా, 2017లో ఆచార్య పదవి వరించాక కూడా వారు పట్టు సడలించలేదు.

ఆ మరుసటి ఏడాది, చల్లపల్లి దగ్గర మినుము పండించే రైతు కుమార్తె రుచిత, ఆకు ఫొటో చూసి తెగులును గుర్తించే ప్రోగ్రాము తయారుచేసింది. మంచు పడిన ఆకైతే మాత్రం, ఆరోగ్యంగా ఉన్నదాన్ని కూడా తెగులు ఆకనే చెప్పేది. ఆ సంగతి రుచిత చివరి అధ్యాయంలో ఒక్క ముక్కలో తేల్చేసింది. ఆ రిపోర్టు ఒక కంపెనీ పెట్టిన పోటీకి వెళ్లాలి. గెలిస్తే బెంగళూరులో ఉద్యోగం. ఆ ముక్కను మొదటి పేరాలోకి తెమ్మన్నారు శాంతకుమారి గారు.

"నా తప్పు నేనే ముందు చెప్పుకుంటే ఇంక నాకు బహుమతెవరిస్తారండీ, మేడమ్?" అంది రుచిత.

"పొద్దున్నే చేలోకెళ్లే మనిషి ఆఖరి పేజీ దాకా చదవడమ్మా. మంచుండేది అప్పుడేగా," అన్నారు శాంతకుమారి గారు.

రుచిత మార్చి రాసింది. బహుమతి రాలేదు, దానితో పాటే ఉద్యోగమూ పోయింది. చదువు ముగించి వెళ్లేదాకా ఆ అమ్మాయి వారితో మాట్లాడలేదు. "పిల్ల నోటికాడ కూడు తీశానేమోనండీ," అని శాంతకుమారి గారు భర్త ఉదయభాస్కర్ గారి వద్ద ఎన్నోసార్లు బాధపడ్డారు.

పై చదువులు పూర్తిచేసిన రుచిత తరువాత మన విభాగంలోనే అధ్యాపకురాలిగా చేరారు. ఇద్దరూ మర్యాదగా మెలిగారే గాని, ఆ పాత ప్రస్తావన ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు నివేదికా రచన బోధన రుచిత గారికే దక్కింది. అన్నేళ్ల బోధనపై శాంతకుమారి గారు రాసి ఇచ్చిన అప్పగింత నివేదికను ఆమె చదివి తిప్పి ఇచ్చేశారు.

"అంతా బాగుందండీ. ఏది కుదరలేదో మొదటి పేరాలో లేదు, మేడమ్."

శాంతకుమారి గారు మురిసిపోయారు. మర్నాడు ఒక వాక్యం చేర్చి తెచ్చారు: "నా నియమం వల్ల ఒక విద్యార్థినికి ఉద్యోగం తప్పిపోయింది, అది న్యాయమో కాదో నాకు నేటికీ తేలలేదు."

రుచిత గారు చదివి, ఎర్ర సిరా పెన్ను అందుకున్నారు.

"ఇది తీసేద్దామండీ. ఆ ఏడు మా నాన్న పొద్దున్నే నా ప్రోగ్రాములో చూసుకుని, తెగులొచ్చిందని చేను దున్నేయబోయారు. మీరు రాయించిన పేరా చదివి వినిపించి, మంచు ఆరాక మళ్లీ చూడమన్నాను. చేను దక్కిందండీ. మీమీద కోపంతో ఇన్నాళ్లూ చెప్పలేదు."

ఆ వాక్యాన్ని ఆమే ఎర్ర సిరాతో కొట్టేశారు. శాంతకుమారి గారు అడ్డు చెప్పలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఆ మనసుకు దొరికిన నెమ్మది కలకాలం నిలవాలనీ, మా రాతలు దిద్దీ దిద్దీ అలసిన ఆ కళ్లకు ఇకనైనా విశ్రాంతి లభించాలనీ, శ్రీ ఉదయభాస్కర్ గారి సాహచర్యంలో శ్రీమతి శాంతకుమారి గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లూ చల్లగా ఉండాలనీ విభాగమంతా మనసారా కోరుకుంటున్నది.