భివండి దగ్గర ఆగిన చుక్క

ఇంకా నించునే ఉన్నావా? ఆ మూట దించు బుచ్చవ్వా. రైలు సాయంత్రానికి కదా, ఇప్పట్నుంచీ ఆ మోత ఎందుకు? కూర్చో. కింద కాదు, కుర్చీలో. సరే, గడప మీదే కూర్చో, నీ ఇష్టం.

భివండి పోతానంటావు. ఎవరు చెప్పారంటే కంప్యూటర్ చెప్పిందంటావు. యూనివర్సిటీ మిషన్ నీ కొడుకు జాడ పట్టిందని మీ మాణికేశ్వర్ నగర్ బస్తీ అంతా చెప్పావట. నీలాంటి తల్లులు ఇంకో ఇద్దరు మా మనవరాలు షారోన్‌ని వెతుక్కుంటూ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళారు. ఆ పిల్ల వాళ్ళకేం చెబుతుంది?

నీ తప్పనడం లేదు. ఏళ్ళ తరబడి బడిలో పాఠాలు చెప్పిన నోరు నాది. ఏదైనా ఒలిచి చేతిలో పెట్టకపోతే తోచదు. మా మనవరాలు తన పరిశోధన కోసం నిన్ను కూర్చోబెట్టి అడిగింది కదా, ఊళ్ళో మగ్గం ఎప్పుడాగింది, నీ కొడుకు భూపాల్ ఊరొదిలి ఎందుకు పోయాడు, వాడికంటే ముందు ఎవరు పోయారు అని. నువ్వు ఓపిగ్గా చెప్పావు. అప్పుడు నేనే అన్నాను, "అంతసేపు మాట్లాడించావు, ఏం చేస్తున్నావో ఒకసారి చూపించరాదూ" అని. అక్కడ మొదలైంది.

వాళ్ళ మిషన్ల గది కూడా గుడిలాంటిదే. బయట చెప్పులు విప్పమంటారు. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని వాళ్ళ భయం. లోపల చలి, కిటికీలకు తెరలు, ఎవరూ గట్టిగా మాట్లాడరు. చెప్పులు విప్పించి, చల్లటి చీకట్లో నిలబెట్టి, వెలిగే తెర చూపిస్తే నువ్వు దండం పెట్టక ఏం చేస్తావు? చర్చికి పోయేదాన్ని, నాకే చేతులు కలిశాయి.

మళ్ళీ చెబుతాను, చూడు. ఇవి చింతగింజలు, తెర మీద కదిలే చుక్కలనుకో. ఇక్కడ మీ ఊరు. ఇక్కడ హైదరాబాదు. అది షోలాపూర్, ఆ చివర మరమగ్గాల ఊరు భివండి. ఒక్కో గింజకి షారోన్ నాలుగు ముక్కలు నేర్పింది. ఊళ్ళో పనుంటే ఉండు. లేకపోతే కదులు. కదిలేటప్పుడు మీవాళ్ళు ముందే ఎక్కడున్నారో అటు చూడు. ఎటూ తేలకపోతే మనం గవ్వలేసినట్టు మిషనే వేస్తుంది, ఎటు పడితే అటు పో. అంతే. గింజకి పేరు లేదు, అమ్మ లేదు. దాని ఆకలి ఒక అంకె. వేల గింజలు కలిసి ఎటు పారతాయో చూసి, మనుషులు ఎటు పోతారో అంచనా కడతారు. గుంపు సంగతి చెబుతుందేమో గానీ, ఒక్కడి సంగతి దానికి తెలీదు.

తలూపుతున్నావు. ఆ రోజూ ఇట్లాగే ఊపావు. అంతా విని, "గిండ్ల మా భూపాల్ ఏడున్నడు టీచరమ్మా?" అన్నావు.

లేడనాలి కదా. షారోన్ నోరు తెరిచింది కూడా. నేను నీ మొహం చూశాను. మీ ఊరి దగ్గర అప్పుడే కదిలిన చుక్క మీద వేలు పెట్టి, వీడే మీవాడనుకో అన్నాను. బడిలో చేతిలో నాలుగు మామిడిపళ్ళు ఉన్నాయనుకోమంటే పిల్లలెవరూ పళ్ళ కోసం వెతకరు. నువ్వు తల్లివి. వెతికావు.

ఆ చుక్క హైదరాబాదులో కాసేపు ఆగింది. షోలాపూర్ దాటింది. "పైలం బిడ్డా" అన్నావు నువ్వు. అక్కడున్న కుర్రాళ్ళెవరూ నవ్వలేదు. భివండి దగ్గర ఆగి, ఇంక కదల్లేదు.

మర్నాడు షారోన్ మళ్ళీ నడిపింది. వింటున్నావా? అదే చుక్క షోలాపూర్లో ఆగిపోయింది. ఇంకోసారి నడిపితే మీ ఊరు దాటనే లేదు. ఏది నిజమంటావు?

ఏమిటీ? ఊరికి పోయి చూసొచ్చావా? షోలాపూర్ చుట్టాలకి జాబు రాస్తే, రాలేదన్నారా? విద్యానగర్ నుంచి వారాసిగూడ దాకా మేస్త్రీలందర్నీ అడిగేశావా?

అయితే మిగిలింది భివండే.

నువ్వట్లా చూడకు. పోయిన బతుకమ్మకి వెళ్ళినవాడు ఇంతవరకూ జాబు రాయలేదు, పోలీసులు రాసుకుని పంపేశారు. నీకు ఎటు పొమ్మని చెప్పినవాడు ఒక్కడు లేడు. ఆ చుక్క చెప్పింది.

కల్యాణ్‌లో దిగాలి, గుర్తుంచుకో. అక్కడ భివండి బస్సు అడుగు. మగ్గాల చప్పుడు వినపడ్డ సందుల్లో మన మాట వినపడుతుంది, వాళ్ళకి ఫోటో చూపించు. ఎస్టీడీ బూత్ నుంచి మా పక్కింటికి చెయ్యి, నన్ను పిలుస్తారు. పద, తార్నాక చౌరస్తా దాకా వస్తాను, బస్సెక్కిస్తాను.

ఒక్క మాట, నేను చెప్పానని షారోన్‌తో అనకు. ఆ సాయంత్రం నిన్ను పంపేశాక, తాళం వేసే వేళైందని అది మిషన్ కట్టేయబోయింది. ఇంతసేపు నీకు పాఠం చెప్పానే, నేనే దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఉండవే," అన్నాను, "పిల్లాడు ఇప్పుడే కదా చేరాడు."