సెదిరిస్ కోటు

ఆ స్తంభానికున్న కొక్కెమా అమ్మాయీ? దాన్ని పీకించకు. తుప్పు పడితే పట్టనీ. అది మా సెదిరిస్ అన్నయ్యది. ఆయన పోయి ఎన్నేళ్లయిందో, ఈ కొలంబోలో పేరెత్తేవాడే లేడు. నువ్వా, నిన్నగాక మొన్న చేరావు. ముందు టీ పొయ్యి, చెబుతా. చక్కెర వద్దని డాక్టరన్నాడు, నేననలేదు. రెండు చెంచాలు వెయ్యి.

ఆయన ఉద్యోగం ఏంటంటే, ఈ హోటల్లో కాకుల్ని తోలడం. నవ్వకు, జీతం ఇచ్చేవాళ్లు. సాయంత్రం ఈ వరండాలో దొరసానులు సముద్రం చూస్తూ కేకు నోట్లో పెట్టుకోబోతే, కాకి గాల్లోనే అందుకునేది. అందుకని ఇత్తడి గుండీల తెల్లకోటు తొడిగి, చేతికో ఉండేలిచ్చి ఈయన్ని నిలబెట్టారు. రబ్బరు లాగేవాడు, అంతే. రాయి ఏనాడూ పెట్టలేదు. కోటు కనబడితే చాలు, కాకులన్నీ కొబ్బరిచెట్లెక్కేవి. తమాషా ఏంటంటే, పొద్దున్నే వంటింటి వెనక, చొక్కా లేకుండా లుంగీతో నిలబడి వాటికి రొట్టెముక్కలు వేసేదీ ఈయనే. కాకులకి దానం పెట్టడం మనకేం కొత్తా? వాటి లెక్కలో లుంగీవాడు దేవుడు, కోటువాడు యముడు. ఇద్దరూ ఒకడేనని ఒక్కదానికీ తెలీదు. మా ఆవిడకీ నేను ఈ హోటలు యూనిఫారంలో ఉంటేనే నచ్చేవాణ్ణి, సరే, అది వేరే సంగతి.

అప్పుడొచ్చాడు కొత్త మేనేజరు, విక్రమనాయక. స్విట్జర్లాండులో హోటలు చదువు చదివాడు. బూట్లు ముందొచ్చేవి, మనిషి వెనకొచ్చేవాడు. ఆదివారం యాత్రల కంపెనీవాళ్లు వస్తున్నారు, నచ్చితే వాళ్ల గుంపులన్నీ మనకేనని గంతులు. సెదిరిస్‌ని పిలిచి, ఒక కాకిని చంపి ఇక్కడ వేలాడదియ్యి, మిగతావి ఈ చాయలకి రావు అన్నాడు.

"తోలమని పెట్టుకున్నారు మహత్తయా. చంపమని కాదు."

ఆ మహత్తయ, అదే మేనేజరు దొరగారు, ముక్కుతో మాట్లాడేవాడు, ఇదిగో ఇలా. "ఆదివారం ఈ కొక్కేనికి కాకన్నా వేలాడాలి, నీ కోటన్నా వేలాడాలి."

మేమంతా బతిమాలాం. ఊళ్లో కాకులకి కరువా అన్నయ్యా, ఒక్కటే కదా, ఇంట్లో నిన్ను నమ్ముకున్నవాళ్లున్నారు అన్నాం. వాటిక్కూడా ఉన్నారు అనేసి భోజనానికి పోయాడు.

ఆదివారం వచ్చి చూస్తే కొక్కేనికి కోటు! ఇస్త్రీ చేసి, గుండీలు తోమి, మెడకి ఉండేలు తగిలించి మరీ. ఒక్క కాకి వాలితే ఒట్టు. కేకులు కేకుల్లాగే ఉన్నాయి, తినేవాళ్లే లేరు. అతిథులందరూ పిట్టగోడ మీద పడి కిందకి చూస్తున్నారు. అక్కడ ఇసకలో లుంగీ కట్టుకుని సెదిరిస్, చేతిలో రొట్టెల సంచి, నెత్తి మీదా భుజాల మీదా కాకులు. ఒక దొరసాని టీ వదిలేసి ఫోటోకి పరిగెత్తింది. వెనకే కంపెనీవాళ్లు. వాళ్ల వెనక మేనేజరు, బూట్ల నిండా ఇసక.

"సెదిరిస్, జరిగింది మర్చిపోదాం. వచ్చి కోటేసుకో."

ఈయన రొట్టె తుంచడం ఆపలేదు. "కోటు పనిలోనే ఉంది కదా మహత్తయా. జీతం దానికే ఇవ్వండి."

తర్వాత ఎన్నిసార్లు కబురంపినా మెట్టెక్కలేదు. ఆ ఒడ్డునే రొయ్యవడలు అమ్ముకు బతికాడు, మొదటి వడ కాకికే. కోటా? తీయించిన రోజున కాకులు కేకుల మీద పడ్డాయి, మళ్లీ తగిలించారు. ఉప్పుగాలికి చివికి, గుండీలు ఒక్కోటీ రాలేదాకా అది అక్కడే...

అదుగో, నీ వెనక కాకి. నా బిస్కెట్టు. ఉండుండు, తువ్వాలు విసరకు.

ఇంకోటి తెచ్చిపెట్టమ్మా.