ఒవెలార్ మీద ఒట్టు

ఫుట్‌బాల్ క్లబ్బు వసారాలో తెరెరె అనే చల్లటి ఆకు పానీయం నింపిన ఎద్దుకొమ్ము చేతులు మారుతోంది. మైదానం గోడ మీద ఎవరి పేరు రాయాలో ఆ పూట తేలాలి. ఒకప్పటి గోల్‌కీపరు ఎలిహియో ఒవెలార్‌కి డెబ్బై దాటాయి. పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు.

"నా గొప్ప నేను చెప్పుకోకూడదు గానీ, ఆ ఫైనల్లో ఒక పెనాల్టీ ఆపాను. ఎడమ చేత్తో. మామూలు విషయమే. కాకపోతే కొట్టినవాడు మామూలువాడు కాదు. వాడి దెబ్బకి గోల్ స్తంభాలు విరుగుతున్నాయని వాళ్ల ఊళ్లో ఇనప స్తంభాలు పాతుకున్నారు."

"మా నాన్న కర్రవే అనేవాడే," అంది చిపా రొట్టెలమ్మే మార్సియానా.

"మీ నాన్న వెనక వరసలో కూర్చునేవాడమ్మా, ఏం కనబడుతుంది! విను. బంతి పట్టాను. పడితే ఆగుతుందా? చేతుల్లోనే గిర్రున తిరుగుతోంది, వేళ్ల సందుల్లోంచి పొగ. నేను వదిలితేనా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్నెత్తుకుని లేచింది! చర్చి గంట మీదుగా నది దాటించి, అర్జెంటీనాలో దింపింది. అక్కడి పోలీసు కాగితాలు చూపమన్నాడు. రెండు చేతుల్లోనూ బంతి ఉందాయె, ఎలా చూపను?"

"జేబులో చెయ్యి పెట్టి నువ్వే తీసుకోమనాల్సింది!" అన్నాడు వరసలో ఒకడు.

"గోల్‌కీపరు నిక్కరుకి జేబులుంటాయటయ్యా? ఎలాగో పడవెక్కి వచ్చేసరికి మూడు రోజులు. రిఫరీ నోట్లో విజిల్‌తో అక్కడే నిలబడి ఉన్నాడు, జుట్టులో పిచ్చుక గూడు కట్టేసింది. 'ఇంకా రెండు నిమిషాలున్నాయి, ఆడు' అన్నాడు. ఆడాం. కప్పు మన..."

"కప్పు మనకి రాలేదు, ఎలిహియో."

అన్నాడు ఫెర్మీన్. ఆనాటి కెప్టెన్. నవ్వులు ఆగిపోయాయి.

"అసలు పెనాల్టీయే లేదు. చివరి బంతి పట్టుకున్నావు. గోల్ కాదన్నాడు రిఫరీ. నిన్ను భుజాలకెత్తుకున్నాం. నువ్వు దిగి, ఆయన దగ్గరికెళ్లి, గీత దాటిందని చెప్పావు. ఓడిపోయాం. రెండేళ్లపాటు ఈ కొమ్ము నీకివ్వకుండా పక్కవాడికిచ్చాను. నేనే."

ఎలిహియో తల దించుకున్నాడు. "అది మీకు గుర్తు రాకూడదనేగా ఇన్ని చెప్పేది. పిల్లలు ఇప్పటికీ నా పేరెత్తి అరుస్తుంటారు. వినబడగానే ఇంటిదారి పడతాను."

"ఏమని అరుస్తారో ఒక్కసారైనా నిలబడి విన్నావా, పెద్దాయనా?" అంది మార్సియానా. "బంతి గీత దాటిందా లేదా అని తగువొస్తే, 'ఒవెలార్ మీద ఒట్టేసి చెప్పు' అంటారు. నది అవతలి ఊళ్లలోనూ అదే ఒట్టు. ఆ ఒట్టు వేశాక ఎవడూ అబద్ధమాడడు."

"ఆ పేరు పెట్టుకుని అబద్ధమాడేది నువ్వొక్కడివే," అన్నాడు ఫెర్మీన్. అని, వరసలో ముందున్న ఇద్దరిని దాటించి కొమ్ము అతని చేతికిచ్చాడు.

ఎలిహియో తాగలేదు. పట్టుకుని కూర్చున్నాడు.

"ఇంతకీ ఎంత దాటింది?" అడిగింది మార్సియానా.

అలవాటుగా రెండు చేతులూ చాపబోయాడు. కొమ్ము అడ్డమొచ్చింది. దాన్ని కింద పెట్టి, చిటికెన వేలు చూపించాడు.

"ఇంత. నేను తప్ప ఎవరూ చూడలేదు."