చర్చి నుంచి మీ గుమ్మం దాకా

గడియారం వైపు అలా చూడకండి పెద్దమ్మా, ఆలస్యమైందని నాకూ తెలుసు. మీ కోడలు వెలిగించి వెళ్ళిన కొవ్వొత్తి సగానికి వచ్చేసింది. తెల్లగుడ్డ మీద పెట్టిన నీళ్ళగ్లాసు కూడా నన్ను కోపంగానే చూస్తోంది. మూడు ఆదివారాలు అసలే రాకుండా, నాలుగోసారి ముప్పావుగంట ఆలస్యంగా వస్తే ఎవరికి మాత్రం కోపం రాదు?

మీకు మాట పడిపోయింది కాబట్టి బతికిపోయాను. లేకపోతే ఈపాటికి నా చెవులు మిగిలేవి కావు.

ఎందుకు రాలేదో మీ కోడలు చెప్పే ఉంటుంది. మా అన్నయ్య పోయిన సంగతి. కానీ ఆవిడకి తెలిసింది సగమే.

దివ్యసత్ప్రసాదం ఇదిగో, ప్రభువు శరీరమైన అప్పం, నా మెడలో ఈ చిన్న పెట్టెలోనే ఉంది. ప్రభువు కాసేపు ఆగుతాడు లెండి. ఆయన కూడా వినాల్సిన మాటే ఇది. చెప్పకుండా ఆయన్ని మీ నాలుక మీద పెట్టలేను. మన లెక్క గుర్తుందిగా, ఒకసారి కన్ను ఆర్పితే అవును, రెండుసార్లయితే కాదు. అంతా విన్నాక నా చేత్తో వద్దనిపిస్తే రెండుసార్లు ఆర్పండి. ఫాదర్‌నే పంపిస్తాను.

ఈ పని ఫాదర్ నాకు ఇచ్చిన రోజు చర్చి అంతా నవ్వింది. మంచంపట్టినవాళ్ళకి ప్రసాదం తీసుకెళ్ళేవాళ్ళు దారిలో కబుర్లకి దిగకూడదు, తిన్నగా వెళ్ళాలి. ఎవరికి చెప్పాడు ఆ మాట? నాకు. చెప్పుల కొట్టులో, వచ్చినవాళ్ళకి ఎడమకాలి చెప్పు తొడిగేలోపు వాళ్ళింట్లో ఎంతమందో కనుక్కునే నాకు.

అందరికంటే ఎక్కువ నవ్వింది మా అన్నయ్య. అమ్మ పోయినప్పటి నుంచి వాడు చర్చి గడప తొక్కలేదు కదా. అయినా వీధి మలుపులో ఇస్త్రీ కొట్టు వాడిది, ఏ వార్తయినా వాడికే ముందు. "వాగుడుకాయా, చర్చి నుంచి ఆ ముసలావిడ గుమ్మం దాకా నోరు మూసుకుని నడువు చూద్దాం" అన్నాడు. ముసలావిడ అంటే మీరే, ఏమీ అనుకోకండి.

"నాలుగు ఆదివారాలు నడిస్తే?" అన్నాను.

"నీతో చర్చిలో పూజకి వస్తాను. ఓడావో, నెల్లాళ్ళు నా ఇస్త్రీపెట్టెలో బొగ్గులు నువ్వే రాజేయాలి."

మొదటి ఆదివారం కుక్కలా మొరుగుతూ నా వెనకే వచ్చాడు. రెండోసారి నా జడ మీద బల్లి ఉందన్నాడు. ప్రాణం పోయినంత పనైంది, అయినా నోరు తెరవలేదు. మూడోసారి, ఇంట్లో కుళాయి కట్టకుండా వచ్చావు, వీధంతా నీళ్ళే అన్నాడు. అబద్ధం. ఇవన్నీ మీకు చెబితే సగం మూతితో ఎంత నవ్వేవారు మీరు.

నాలుగో ఆదివారం కొట్టు మెట్టు మీద కూర్చున్నాడు. సగం తలుపే తీసి ఉంది.

"చెల్లీ, ఒక్క మాట" అన్నాడు.

చూశారా, వాగుడుకాయా అనలేదు. అక్కడే తెలియాలి నాకు. వాడు నన్ను చెల్లీ అని పిలిచిందెప్పుడు? ఎడమచెయ్యి రుద్దుకుంటున్నాడు. నుదురంతా చెమట. చూశాను పెద్దమ్మా, చూడలేదని అనను. ఇస్త్రీ చేసేవాడికి చెమట పడితే వింతేముంది అనుకున్నాను. ఆ పొద్దున అసలు బొగ్గులే రాజేయలేదని తర్వాత తెలిసింది.

నేనేం చేశాను? పెదాల మీద వేలు పెట్టి, మెడలో పెట్టె చూపించాను. ఈసారి నాటకం బాగా రక్తి కట్టించావన్నయ్యా అని లోపల నవ్వుకుంటూ, తలెగరేసి నడిచాను.

వాడు మళ్ళీ పిలవలేదు. వెళ్ళు వెళ్ళు అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ రోజు మీ దగ్గర గంటసేపు కూర్చున్నాను, గుర్తుందా? గెలిచాను గెలిచాను అని మీ మంచంకోడు మీద తాళం కూడా వేశాను. ఊరందరి చొక్కాలూ ఇస్త్రీ చేసి, తను మాత్రం నలిగిన చొక్కా వేసుకునేవాడు కదా, పూజకి ఏది తొడిగించాలా అని మీతోనే మాట్లాడాను. తిరిగి వెళ్ళేసరికి మెట్టు మీద చెప్పులు మాత్రం ఉన్నాయి. పక్క కటింగ్ షాపాయన ఆస్పత్రికి తీసుకెళ్ళాడట. నేను చేరేసరికి మొహం మీదికి దుప్పటి లాగేశారు. వాడికి ముప్పై రెండేళ్ళే పెద్దమ్మా.

మాట మాత్రం తప్పలేదు వాడు. ఆదివారం దాకా కూడా ఆగలేదు, మంగళవారమే పూజకి వచ్చాడు. నలుగురు మోసుకొచ్చారు. ఇస్త్రీ చొక్కా నేనే తొడిగించాను.

ఇప్పుడు చర్చిలో ఏమంటున్నారో తెలుసా? తోడబుట్టినవాడు పిలిచినా ఆగలేదు, ఎంత భక్తో అని. ఒకావిడ నా చెయ్యి తీసి కళ్ళకద్దుకుంది. ఆ చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

పాపసంకీర్తనానికి వెళ్ళి ఫాదర్‌కి చెప్పాను, ఆగలేదని. "కబుర్లు వద్దన్నానమ్మా, కష్టంలో ఉన్నవాడి దగ్గర ఆగొద్దన్నానా? ఆగితే ప్రభువు నీతోపాటే ఆగేవాడు" అన్నాడు. మళ్ళీ నా ఏడుపు విని, "పోనీలే, భక్తి కొద్దీ చేశావు" అన్నాడు.

భక్తి కొద్దీ. తలూపి వచ్చేశాను. పందెం సంగతి ఆయనకి చెప్పనే లేదు. ప్రభువు నా గుండెల మీద ఉన్నాడన్న ధ్యాసే లేదు నాకా రోజు. వాడి చేతిలో ఓడకూడదు, అంతే. ఊళ్ళో అందరితో వాగే దాన్ని, ఆగాల్సిన ఒక్కచోట మౌనం పాటించాను. శనివారం మళ్ళీ వెళ్ళి ఆయనకీ చెప్తాను. ముందు మీకు చెప్పాను.

ఊఁ, ఇప్పుడు చెప్పండి. నా చేత్తో తీసుకుంటారా?

ఒక్కసారే ఆర్పారు. మళ్ళీ ఆర్పండి, కళ్ళలో నీళ్ళుండి సరిగా కనిపించలేదు.

ఒక్కసారే.

ఆగండి, పిచ్చుకపిల్లలా అప్పుడే నోరు తెరిస్తే ఎలా, ముందు ప్రార్థన చెప్పుకోవాలిగా. ప్రభువా, నువ్వు మా ఇంటికి రావడానికి మేం తగినవాళ్ళం కాము, ఒక్క మాట అను చాలు, బాగవుతాం అని. ఆ ఒక్క మాట మాత్రం నేను అనలేను. ఇద్దరి తరఫునా మీరే మనసులో అనేయండి.

ఆలస్యం ఎందుకైందో చెప్పలేదు కదూ? ఇవాళ దారిలో పిలిచిన ప్రతివాళ్ళ దగ్గరా ఆగాను. కటింగ్ షాపాయన మోకాలినొప్పి విన్నాను. ఎవరో పెద్దాయన సంచి మేడ మీదికి చేర్చాను. అదంతా కలిపి పావుగంట.

మిగిలిన అరగంటా ఇస్త్రీ కొట్టు మెట్టు దగ్గర నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు.