మట్టితో కట్టిన నైరుతి గోడ

దగ్గరికి జరగండమ్మా, ఆ అరుగు చివరనున్నవాళ్ళు కూడా ముందుకి రండి, నా గొంతుకి ఇప్పుడు అంత దూరం పోయే ఓపిక లేదు. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకోండి. అమ్మవారిని తలుచుకుని చెబుతున్నాను, వినండి.

నూకరాజని భీమవరంలో ఒక తాపీమేస్త్రీ. చేతిలో తాపీ, నోట్లో రామనామం, అంతే మనిషి. ఒక్కతే కూతురు, సత్యవేణి. కంప్యూటరు నేర్చుకుని రొయ్యల మేత అమ్మే కొండలరావు ఆఫీసులో చేరింది. కొండలరావంటే ఎవరనుకున్నారు? నుదుట మూడు వేళ్ళ మందాన బొట్టు, చేతికి ఆరు రంగుల దారాలు, వేళ్ళకి ఎనిమిది ఉంగరాలు. భక్తుడే అనుకోండి, కానీ ఎలాంటి భక్తంటే, దేవుడు కూడా తన దగ్గర పనిచేస్తున్నాడనుకునే భక్తి. ఆయనేం చేశాడంటే, బజారులో మేడ మీద రెండో అంతస్తు తీసుకుని ఆఫీసు కొత్తగా చేయించాడంట. గోడలకి అద్దాలు, ఏసీలు, నెత్తి మీద తెల్లటి థర్మాకోలు అట్టలతో సీలింగు. అగ్నిమాపక ఆఫీసరు వచ్చి చూసి, ఇరవైమంది కూర్చునే చోటికి ఒక్క దారి చాలదండీ, వెనకమెట్ల తలుపు ఎప్పుడూ తెరుచుకోవాలి, మంటలార్పే ఎర్రడబ్బాలు చేతికందేలా గోడలకి ఉండాలి, అన్నాడంట. చిత్తం, చిత్తం అని కొండలరావు అన్నీ పెట్టించాడు. ఆఫీసరు కాగితం ఇచ్చాడు. ఈయన ఆ కాగితానికి పటం కట్టించి కుంకంబొట్టు పెట్టాడు. అక్కడితో ఆగుంటే మనకి కథెక్కడిది?

ఏమైందంటే, ఆ ఆఫీసరు అటు బదిలీ అయి వెళ్ళాడో లేదో, ఇటు వాస్తు చెప్పే ఆయనొకడు దిగాడు. వెనకతలుపు చూసి గుండెలు బాదుకున్నాడంట, నైరుతిలో తలుపా, యజమానికి గండం బాబూ, మూయించెయ్యండి అని. ఎర్రడబ్బాలు చూసి, ఇవి అగ్నికి సంబంధించినవి గదా, ఆగ్నేయంలో తప్ప ఉండకూడదు అన్నాడంట. ఇంకేం! గోడలకున్న ఆరు డబ్బాలూ పీకి ఆగ్నేయం గదిలో పెట్టి తాళమేశారు. తలుపు సంగతికి కొండలరావు నూకరాజుని పిలిపించాడు.

"ఒరే నూకరాజూ, ఆ తలుపు పీకి ఇటికలతో మూసెయ్."

"అయ్యా, అది ప్రాణం మీదికొస్తే పారిపోయే దారండి. ఆఫీసరుగారు మరీమరీ చెప్పారు గదండి."

"కాగితం వచ్చేసిందిరా! పెళ్ళైపోయాక పందిరి ఎవడుంచుకుంటాడు?"

"లోపల ఇరవైమంది ఉంటారండి. మా అమ్మాయి కుర్చీ ఆ మూలేనండి."

"మీ అమ్మాయి నా కింద పనిచేస్తా ఉంటే, నువ్వు నాకు శాస్త్రం చెప్తున్నావా? నువ్వు కాకపోతే ఇంకోడు. వాడైతే సిమెంటు దండిగా పోసి మరీ కడతాడు."

చూశారా ఆ మాట! నూకరాజు ఇంటికెళ్ళి కూతురితో, నువ్వక్కడ మానెయ్యమ్మా అన్నాడు. ఆ పిల్ల ఏమందంటే, నేను మానేస్తాను సరే, మిగతా పందొమ్మిదిమందీ ఎవరి పిల్లలు నాన్నా, అంది. అమ్మా, కూతుర్ని కంటే అలాంటిదాన్ని కనాలి. మర్నాడు నూకరాజు కొండలరావు దగ్గరికి వెళ్ళి, నేనే కడతానండి అన్నాడు. కట్టాడు. ఎలా కట్టాడు? అడుగునుంచి పైదాకా ఒట్టి మట్టి! సిమెంటు చిటికెడు పడలేదు. పైన పల్చగా పూత, దాని మీద రంగు. జన్మలో ఏనాడూ కచ్చాపని చెయ్యనివాడు, ప్రతి ఇటికకీ, తల్లీ క్షమించు, తల్లీ క్షమించు అనుకుంటా పెట్టాడంట. కొండలరావు వచ్చి ఉంగరంతో టకటకా కొట్టి, భేష్, కోటగోడరా అన్నాడు. అని, ఆ అగ్నిమాపక కాగితం పటం తెచ్చి సరిగ్గా ఆ గోడకే తగిలించమన్నాడు! ఆ మేకు కొట్టేటప్పుడు గోడెక్కడ మీద పడుతుందోనని నూకరాజు చెమటలు కక్కాడనుకోండి. ఆ సాయంత్రమే కూతురికి చెప్పాడు, ఏదన్నా అయితే బల్లతో ఆ గోడని కుమ్మండి, అందరికీ చెప్పు, అయ్యగారికి తప్ప.

వైశాఖమాసం వచ్చింది. ఏసీలన్నీ పొద్దుటినుంచీ హోరుమంటున్నాయి. పదకొండింటప్పుడు ముందుగుమ్మం పైన కరెంటుపెట్టె చిటపటలాడి భగ్గుమంది. సీలింగు అట్టలు అంటుకుని చుక్కలు చుక్కలుగా కారుతున్నాయంట. ఏ మూలనో తెలుసా? ఈశాన్యం! నిప్పేమన్నా వాస్తు చదువుకుందా? ముందుదారి మూసుకుపోయింది. డబ్బాలేవండీ అంటే ఆగ్నేయంలో. తాళం ఏదండీ అంటే కారులో. కారు కింద! కొండలరావు చేతులు పైకెత్తి, కూర్చోండి, కూర్చోండి, నైరుతి మూశాం గదా, మనకేం కాదు, అంటున్నాడంట దగ్గుతూ. సత్యవేణి, "అన్నా, ఆ బల్ల పట్టండి!" అని అరిచింది. నలుగురు పట్టారు. ఒక పోటు. రెండో పోటు. మూడోదానికి గోడ, పటం, కాగితం అన్నీ కలిసి మెట్ల మీదకి కూలిపడ్డాయి. ఆ కన్నంలోంచి అందరికంటే ముందు దూరింది ఎవరనుకున్నారు? ఇంకెవరు, ఎనిమిది ఉంగరాలాయన!

నూకరాజు ఎక్కడో పనిలో ఉండి, పొగ చూసి తాపీ పారేసి పరిగెత్తుకొచ్చాడు. వీధిలో మసి మొహంతో కూతురు, దాని వెనకాల మిగతా అందరూ కనపడ్డారు. అక్కడే రోడ్డు మీద సాష్టాంగపడ్డాడంట అమ్మవారికి. ఈలోపు కొండలరావుకి ఊపిరాడింది. ఊపిరాడగానే నోరాడింది. "ఒరే నూకరాజూ! ఏం కట్టావురా ఆ గోడ? మూడు పోట్లకే కూలిపోయింది! పనిదొంగా!" అన్నాడంట. అవునమ్మా, ఆ మాటే అన్నాడు, నవ్వకండి. నూకరాజు లేచి, చేతులు కట్టుకుని, "తప్పేనండి. తమరు మళ్ళీ లోపలికి పదండి, ఈసారి సిమెంటు పోసి గట్టిగా కడతాను" అన్నాడంట.

దేవుణ్ణి తలుపుకి గడియలాగా వాడుకునేవాడిది భక్తి కాదమ్మా, బద్ధకం. సరే, వాడి సంగతి వదిలెయ్యండి, వాడి పేరు మర్చిపోయినా పుణ్యమే. సత్యవేణి ఇప్పుడు వేరే ఆఫీసులో చేస్తోంది. పొద్దున్నే వెళ్ళగానే, దేవుడి పటానికి దణ్ణం పెట్టకముందే, వెనకతలుపు బార్లా తెరిచి, మెట్లు కిందికంటా చూసి వస్తుందంట. అదొక్కటి గుర్తుపెట్టుకోండి. రేపు మీరెక్కడ పనికెళ్ళినా ముందు ఆ పని చెయ్యండి. దేవుడేమీ అనుకోడు, ఆ కాసేపు ఆగుతాడు.